తెడ్డు పట్టు బాలికకు ఏ కళాశాల?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



నాకు నిర్ణయించిన విషయము ‘విద్యయు వ్యాయామమును’. ఆ శీర్షికతో ఎంతసేపైనను మాటలాడవచ్చును. వినువారికి మాత్రము ఒక్క ముక్కయు మిగులదు. అందుచేత కార్యవర్గమువారి అనుమతితో దానిని చిన్నది చేసికొంటిని. పడవపందెములలో తెడ్డు వేయు బాలిక ఇంటరు ముగించిన పిమ్మట ఏ కళాశాలలో చేరవలెను? ఇంతియే ప్రశ్న. ఉప్పునుంతలలో ఈ ప్రశ్న ఎవరికి కావలెనని కొందరు నవ్వవచ్చును. గురుకుల పాఠశాలలలో చదువు మన ప్రాంతపు ఆడపిల్లల ఎత్తును, చేతుల పొడవును కొలిచి, ఈ పిల్ల పనికివచ్చునని ఆటల శిక్షకులు చెప్పు కాలము వచ్చినది. అట్టి పిల్ల తండ్రి చేతిలో ఒక కాగితము పెట్టుదురు. ఆయన అది పట్టుకొని ఎవరి యొద్దకు పోవలెను?

నేను పండితుడను కాను. మా పెద్దలు పట్వారీ దఫ్తరు వ్రాసినవారు. 1984లో ఆ పదవులు రద్దయినవి గాని, లెక్క వ్రాయు చేయి మా యింట నిలిచినది. పగలు నలుగురి చిట్టాలు, ఆవర్జాలు వ్రాసి, రాత్రి భారత భాగవతములు చదువుకొనుట నా అలవాటు. కావున ఈ ప్రశ్నను కూడ పురాణముతో మొదలుపెట్టి లెక్కతో ముగించెదను.

ఆడుది పడవ నడుపుట మనకు క్రొత్త కాదు. ఆదిపర్వములో దాశరాజు కూతురు సత్యవతి తండ్రి ఆజ్ఞచే యమునలో ఓడ నడిపినది. ఆ కథ చెప్పువారందరు పరాశరుని గూర్చి చెప్పుదురు, శంతనుని గూర్చి చెప్పుదురు, ఆమె మేని వాసన గూర్చి చెప్పుదురు. ఆ ప్రవాహమునకు అడ్డముగా దినదినము పడవను దాటించిన ఆమె భుజబలమును గూర్చి ఒక్కరును చెప్పరు. భారతమును రచించిన వ్యాసుని తల్లి తెడ్డు పట్టిన పిల్ల అను మాట మన హరికథలలో కూడ వినబడదు. ఇది నాకు చిరకాలముగా ఉన్న చిన్న ఫిర్యాదు. ఈ వేదిక దొరికినది కనుక చెప్పివేసితిని.

మన నీటి సంగతికి వత్తము. మనది కరవు నేల యని పేరు. అయినను దుందుభి మన పొలముల ప్రక్కనుండియే పారుచున్నది. దానినే దిగువవారు డిండి యందురు, దానిపై జలాశయమును కలదు. దక్షిణమునకు పోయినచో కొల్లాపురము ప్రక్క సోమశిల యొద్ద కృష్ణ సముద్రమువలె నిలిచి యుండును. అచ్చట పుట్టి నడుపువారిని మీరు చూచియుందురు. గుండ్రని పుట్టిని ఒక్క తెడ్డుతో తిరిగిపోకుండ నడుపుట సామాన్యమైన విద్య కాదు. మన పాలమూరు కూలీలు దేశమందెల్లెడల ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. నీటిని నిలిపినవారి పిల్లలకు ఆ నీటిమీద ఆడుకొను యోగ్యత లేదనుట నాకు సమ్మతము కాదు.

అయితే పుట్టి వేరు, పందెపు పడవ వేరు. పందెపు పడవ సన్నని చిక్కుడుకాయవలె నుండును. ఒంటరిగా నడుపు పడవ 8 మీటర్ల పొడవు, బరువు 14 కిలోలు మాత్రమే. ఎనమండుగురు నడుపునది సుమారు 18 మీటర్లు. అందు తొమ్మిదవ మనిషి చుక్కాని చూచుచు కేక వేయును. నడుపువారు గమ్యమునకు వీపు పెట్టి కూర్చుందురు. కూర్చుండు పీట చక్రములపై ముందువెనుకలకు జారును. కావున బలము ముఖ్యముగా చేతులది కాదు, తొడలది. నడుము వంచి నాట్లు వేసినవారికిని, బిందె మోసినవారికిని ఈ మాట వెంటనే తెలియును. పందెపు దూరము 2000 మీటర్లు. మేటి స్త్రీల జట్లు ఎనమండుగురి పడవలో దానిని 6 నిమిషముల లోపున ముగించినవి. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ఈ పందెము 1976లో మాంట్రియల్ నగరమున మొదలైనది. అప్పుడు దూరము 1000 మీటర్లే. స్త్రీలు అంతకుమించి ఓర్వలేరని పెద్దల తలంపు. 1988 నుండి పురుషులతో సమానముగా 2000 చేసిరి. ఎవరును మూర్ఛపోలేదు.

తెరచాప పడవ మరియొకటి. హుస్సేన్ సాగరములో మన తెలంగాణ బాలికలు తెరచాపలతో పేరు తెచ్చుకొన్న వార్తలు పత్రికలలో వచ్చినవి. రెండును నీటిమీదివే యని ఒకదాని ప్రవేశపత్రమును మరియొకదానికి పెట్టరాదు.

నీటి ఒడ్డున పుట్టినవారికే ఈ విద్య వచ్చునను భ్రమను ముందుగా తొలగించెదను. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో భారతదేశమునకు పడవపందెములందు మొదటి స్వర్ణపతకము తెచ్చిన బజరంగ్ లాల్ తఖర్ రాజస్థానములోని సీకర్ జిల్లావాడు. ఎడారి సీమ. సైన్యములో చేరిన పిమ్మటనే తెడ్డు పట్టెను. ఆ క్రీడలలోనే ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రభా మింజ్ అను ఇద్దరు ఒడిశా యువతులు జంట పడవలో కాంస్యము గెలిచిరి. వారు తీరినది కటకము ప్రక్క జగత్‌పురమున మహానది ఒడ్డుననున్న శిక్షణ కేంద్రములో. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో మనకు పడవపందెములందు 5 పతకములు వచ్చినవి, ఐదును పురుషులవే. ఈ లెక్కలో స్త్రీల వరుస ఖాళీగా నున్నది. ఖాళీ వరుసను చూచి కొందరు ‘అది మనకు కాదు’ అందురు. నేను లెక్కలవాడను, ఖాళీ గడి కనబడినచో వ్రాయుటకు చోటున్నదనియే నాకు తోచును.

ఇప్పుడు అసలు విషయము. తండ్రి మొదట అడుగు ప్రశ్న ‘ఏ కళాశాల పెద్దది?’ అని. అది తప్పు ప్రశ్న. మొదట అడుగవలసినది ‘నీరెంత దూరము?’ అని. ఈ సాధన తెల్లవారకముందే మొదలగును. గాలి లేచిన పిమ్మట సన్నని పడవ నిలువదు. హైదరాబాదులో హుస్సేన్ సాగరమే ఆధారము. 1562 ప్రాంతమున త్రవ్వించిన ఆ చెరువుమీద జాతీయ పందెములు పలుమారులు జరిగినవి. మురికినీరు వచ్చి చేరుననునది నిజమే. వాసన కూడ నిజమే. బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఆ నీటికి దగ్గర. 1924లో మొదలై, పిమ్మట కోఠిలోని పాత రెసిడెన్సీ భవనమునకు మారి, నేడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయముగా నున్న విద్యాలయమునుండి గాని, నిజాం కళాశాలనుండి గాని తెల్లవారుజామున చెరువు చేరవచ్చును. ఈ కళాశాలలకు సొంత పడవలున్నవని నేననుట లేదు. చదువు అక్కడ, సాధన చెరువుపైన. రెండింటి నడుమ దారి గంటలోపు ఉండవలెనని చెప్పుచున్నాను. ఊరి పొలిమేరలలో ఎకరాలకొలది ఆవరణ కల కళాశాల చేర్చి, పిల్లను దినమునకు మూడు గంటలు బస్సులో త్రిప్పినచో ఆమె తొడలలోని బలము బస్సు సీటుకే చెల్లును. 2023 డిసెంబరునుండి మన రాష్ట్రములో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు; ఖర్చు తగ్గినది. కాలము మాత్రము తగ్గలేదు.

రెండవ త్రోవ రాష్ట్రము దాటుట. భారత క్రీడా ప్రాధికార సంస్థ, దానినే సాయ్ అందురు, కేరళలోని అలప్పుళలోను, పైన చెప్పిన జగత్‌పురములోను కేంద్రములు నడుపుచున్నది. ఎంపికయైన పిల్లకు బస, భోజనము, శిక్షణ, పడవ అన్నియు ఉచితము. పడవల ధర లక్షలలో నుండును గనుక ఇది చిన్న మాట కాదు. అక్కడ చేరిన పిల్ల ఆ ఊరి కళాశాలలోనే చదువవలెను. కావున కళాశాలను ఎన్నుకొనుట యనగా నిజమునకు ఊరిని ఎన్నుకొనుట. భాష మారును, కూడు మారును. చింతపులుసుకు అలవాటైన నోరు కొబ్బరినూనెకు ఒప్పుకొనుటకు కొంత కాలము పట్టును. నవ్వకుడు. ఆకలితో ఇంటికి తిరిగివచ్చు పిల్లలు ఓడి వచ్చు పిల్లలకంటె ఎక్కువ.

చండీగఢ్‌లో సుఖ్నా సరస్సు కలదు, పంజాబు విశ్వవిద్యాలయము కలదు. విశ్వవిద్యాలయముల నడుమ పోటీలు ఆ సరస్సుపై అనేక పర్యాయములు జరిగినవి. పుణెలోని ఇంజనీరింగు కళాశాలకు ములా నదిమీద 1928నుండి పడవ సంఘము కలదు. విద్యార్థులే దానిని నడుపుకొందురు. లెక్కలు బాగుగా వచ్చిన పిల్లకు ఇది గమనింపదగినది. అచ్చట సీటు ప్రవేశపరీక్షను బట్టి వచ్చును, పడవ తరువాత వచ్చును. పడవ పోయినను సీటు పోదు.

ఈ చివరి వాక్యము నా ప్రసంగమునకు వెన్నెముక వంటిది గనుక కొంచెము నిలిచెదను. తెడ్డు వేయువారికి నడుము నొప్పియు, ప్రక్కటెముకల చీలికయు తరచుగా వచ్చు బాధలు. రెండవ ఏట పిల్లకు నడుము పట్టెననుకొనుడు. హాస్టలు గది ఉండునా? ఫీజు మాఫీ ఉండునా? తరగతిలో పేరుండునా? వైద్యపు ఖర్చు ఎవరిది? ఈ నాలుగింటికి కాగితముమీద జవాబు రావలెను. శిక్షకుడు మంచివాడే కావచ్చును, అన్నా యని పిలిచినచో పలుకవచ్చును. శిక్షకులకు బదిలీలుండును. నోటి మాటను ఆవర్జాలో ఏ పద్దు క్రింద వ్రాయుదురు?

మరియొక ఉచ్చు కలదు. ‘దూరవిద్యలో డిగ్రీ కట్టుడు, దినమంతయు సాధన చేయవచ్చును’ అని సలహా చెప్పువారున్నారు. వినుటకు ఇంపుగా నుండును. విశ్వవిద్యాలయముల నడుమ పోటీలకు కళాశాలకు పోయి చదువు క్రమవిద్యార్థులకే అర్హత. వయస్సు 17 మొదలు 25 వరకు. దూరవిద్య కట్టిన పిల్ల ఎంత బలవంతురాలైనను ఆ పోటీలలో దిగజాలదు. 2023లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల పడవపందెములు గోరఖ్‌పురములోని రామ్‌గఢ్ తాల్‌పై జరిగినవి. అట్టి పందెములో వచ్చిన పత్రమే తరువాత ఉద్యోగమునకు నిచ్చెన యగును. తెలంగాణలో ప్రభుత్వోద్యోగములందు క్రీడాకారులకు నూటికి రెండు ప్రత్యేకించిరి. ఆ రెండింటికి నిచ్చెన పాతకుండ ఎక్కలేము.

మన ప్రాంతపు కుటుంబములు అమెరికాలో నున్నవి గనుక అక్కడి సంగతియు చెప్పవలెను. అక్కడినుండి మనుమరాండ్రను గూర్చి అడుగుచు ఫోనులు వచ్చుచుండును. అమెరికా కళాశాలలలో స్త్రీల పడవపందెములు ఇంత పెరుగుటకు కారణము వినదగినది. చదువులో ఆడ మగ భేదము కూడదని 1972లో అక్కడ తొమ్మిదవ అధికరణమను చట్టము వచ్చెను. పురుషుల ఫుట్‌బాలు జట్టులో నూరుమంది వరకు ఉందురు. దానికి తులతూచుటకు ఆడపిల్లల వైపు కూడ పెద్ద జట్టు కావలసి వచ్చెను. ఎనమండుగురి పడవలు రెండు మూడు కట్టించినచో లెక్క సరిపోవును. న్యాయముకొరకు పుట్టిన చట్టమును గుమాస్తాలు జమాఖర్చుగా మార్చిరన్నమాట. అయినను దానివలన వేలమంది బాలికలు నీటిమీదికి వచ్చిరి. జాతీయ పోటీ 1997లో మొదలైనది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు జట్టు 2021, 2022, 2024 సంవత్సరములలో గెలిచినది. ఆ జట్టు సాధన చేయు ఆస్టిన్ నగరములో మన తెలుగువారు చాలమంది కలరు.

ఇందులో మెలకువ యేమనగా, కొన్ని జట్లలో అరువదిమందికి పైగా పేర్లుండును. పడవలో పీటలు ఎనిమిది. కావున ఆ తండ్రి అడుగవలసిన ప్రశ్న, ‘మా అమ్మాయి పేరు పట్టికలో నుండునా, పడవలో నుండునా?’ అని. పట్టికలో నున్న పేరువలన కళాశాల లెక్క సరిపోవును. పడవలో నున్న పిల్లవలన పిల్ల బాగుపడును. గత ఏడు క్రొత్తగా చేరినవారిలో ఎందరు పందెమున దిగిరి, ఎందరు సగములో మానుకొనిరి అని అడిగినచో నిజము బయటపడును. మానుకొన్నవారి సంఖ్య ఏ ప్రకటనలోను అచ్చు వేయరు. హార్వర్డు, యేల్ మొదలగు ఎనిమిది ప్రాచీన విద్యాలయముల కూటమి ఆటను చూచి విద్యార్థివేతన మీయదు. ఇంటి ఆదాయము చూచి సహాయము చేయును. మూడవ శ్రేణి కళాశాలలును ఆటకు ఈయవు. అందుచేత ‘పడవ నడిపినచో అమెరికాలో చదువు ఉచితము’ అను మాట సగము నిజము. మంచి సంగతి ఒకటి చెప్పెదను: అక్కడి స్త్రీల జట్లు ఎన్నడు తెడ్డు పట్టని ఎత్తరి పిల్లలను కూడ మొదటి ఏడు చేర్చుకొని నేర్పును. పందెముల కాలములో వారమునకు 20 గంటలకు మించి సాధన చేయింపరాదని నియమము కలదు. మన కేంద్రములలోను ఇట్టి నియమ మేదైన నున్నదా యని అడిగి తెలిసికొనుట తండ్రి వంతు.

ఇక స్నానశాల. సభలో తల్లులున్నారు గనుక మగవారు అడుగ సిగ్గుపడు ప్రశ్నను నేనే చెప్పెదను. యేల్ విశ్వవిద్యాలయము 1969లో గాని స్త్రీలను పట్టపు చదువులో చేర్చుకొనలేదు. అక్కడి స్త్రీల పడవజట్టుకు నది యొద్ద స్నానపు గదులు లేకుండెను. మగపిల్లలు వేడినీటితో స్నానము చేయుచుండ, ఆడపిల్లలు తడిబట్టలతో బస్సులో వణకుచు కూర్చుండెడివారు. 1976లో క్రిస్ ఎర్న్‌స్ట్ నాయకత్వమున 19 మంది అధికారి గదిలోనికి పోయి, తమ దేహములపై ఆ చట్టము పేరు వ్రాసికొని నిలిచి, విజ్ఞాపన చదివి వినిపించిరి. వార్త దేశమంతయు పాకెను. గదులు కట్టిరి. అంత సంపన్నమైన విద్యాలయములోనే స్థితి అట్లుండగా, మన చెరువు గట్టున అడుగకుండ ఎట్లుండుట? బట్టలు మార్చుకొను గదికి గడియ యున్నదా, నెలసరి దినములలో ఏమి చేయుదురు, శిక్షకులలో స్త్రీ యున్నదా, రాత్రి హాస్టలులో బాధ్యత ఎవరిది, ఫిర్యాదు చేయవలసివచ్చినచో ఆ శిక్షకుడు కాక మరియెవ్వరికి చేయవలెను? తల్లిని వెంట తీసికొనిపొండు. తల్లి కన్ను పతకముల అద్దపు బీరువామీద నిలువదు. తిన్నగా దొడ్డివైపు పోవును. ఏ కళాశాల నాణెమైనను అక్కడనే తెలియును.

ప్రాణభయము గూర్చి కూడ దాచరాదు. 2022 మే నెలలో కలకత్తాలోని రవీంద్ర సరోవరములో సాధన చేయుచుండగా గాలివాన వచ్చి పడవ తలక్రిందులై ఇద్దరు పాఠశాల బాలురు మృతి చెందిరి. అది నూరేండ్లకు పైబడి పడవ సంఘములున్న నగరము. కావున ఒడ్డున నిలిచి చూడుడు. సాధన పడవ వెంట యంత్రపు రక్షణ పడవ నడుచుచున్నదా? ఉరుము వినబడగానే వెనుకకు పిలుచు అధికారము ఎవరికి కలదు? క్రొత్తగా వచ్చిన పిల్లకు ఈత పరీక్ష పెట్టిన పిమ్మటనే పడవ ఎక్కింతురా? ఈత వచ్చునని పిల్ల తనంతట తాను చెప్పినచో నమ్మరాదు. మన బావులలో నేర్చిన ఈత వేరు, బట్టలతో నీటిలో పడి పడవ పట్టుకొని తేలుట వేరు.

కొందరు పెద్దలు నాతో, ఎండలో నల్లబడిన పిల్లకు, భుజములు పెరిగిన పిల్లకు సంబంధము రాదనిరి. నా జవాబు పొట్టిది. దాశరాజు ఇంటికి హస్తినాపురము రాజే వచ్చెను. వచ్చి బేరమాడినది రాజు, షరతులు పెట్టినది పిల్ల తండ్రి.

ప్రవేశ కాలము వచ్చుచున్నది. సాయ్ కేంద్రముల ఎంపికలకు గాని, కళాశాలల క్రీడావిభాగపు సీట్లకు గాని దరఖాస్తు పెట్టువారు పుట్టినతేది ధ్రువపత్రము, పదవతరగతి మార్కుల పత్రము, ఆధారు, కుల ఆదాయ ధ్రువపత్రములు, ఇంతవరకు ఆడిన పోటీల పత్రములు అసలు ప్రతులతో తీసికొని రండు. పేరులో అక్షరము ఒకచోట ఒకరీతిని, మరియొకచోట మరియొకరీతిని ఉన్నచో ముందే చెప్పుడు. దానిని దిద్దించుటకే నెల పట్టును. సాయంకాలము 6 గంటలు దాటిన పిమ్మట నేను ఈ గ్రంథాలయములోనే, కిటికీ ప్రక్క బల్లయొద్ద ఉందును. పైన అడుగుమని చెప్పిన ప్రశ్నలన్నిటిని ఒక కాగితముపై వ్రాసి నోటీసు బల్లకు అంటించితిని. నకలు వ్రాసికొని పోవచ్చును.